పసికందుకు ఇన్ఫెక్షన్ అనుమానం: ఏ పరీక్ష ఎంత త్వరగా చెబుతుంది, ఏది ఎవరికి పనికొస్తుంది

రాత్రి రెండు దాటింది. 1,400 గ్రాముల పాప, పుట్టి నాలుగో రోజు. "మేడమ్, ఇందాక ట్యూబులో పోసిన పాలు సగం అలాగే ఉన్నాయి. కాళ్లు కూడా చల్లగా తగులుతున్నాయి" అంటూ సిస్టర్ వచ్చి లేపింది. మధ్యాహ్నం దాకా బాగానే ఉన్న పాప. బయట బెంచీ మీద పడుకున్న అమ్మమ్మ అలికిడికి లేచి, "ఇన్ఫెక్షనా కాదా, ఒక్క మాట చెప్పండి డాక్టరమ్మా" అంది.

ఆ ఒక్క మాట చెప్పే పరీక్ష ఆ రాత్రి నా దగ్గర లేదు. ఈ రోజుకీ ఎవరి దగ్గరా లేదు. ఉన్నవన్నీ తలా ఒక ముక్క చెప్పేవే. ఆ ముక్క ఎన్ని గంటలకు చెబుతాయి, పాప ఒంట్లోంచి ఎంత రక్తం అడుగుతాయి, ఎంత ఖర్చవుతుంది అన్నదాంట్లోనే తేడా. ఇప్పుడు మార్కెట్లోకి "గంటలో రిపోర్ట్" అంటూ కొత్త మెషీన్లు వస్తున్నాయి. చిన్న ఆసుపత్రులు నడుపుతున్న స్నేహితులు ఫోన్ చేసి "ఏది తీసుకుంటే మంచిది?" అని అడుగుతున్నారు. ఎన్‌ఐసీయూ (పసికందుల ఐసీయూ) బయట కూర్చున్న తల్లిదండ్రులు చేతిలో రిపోర్టు పట్టుకుని "ఇది మంచిదా, చెడ్డదా?" అని అడుగుతున్నారు. ఇద్దరికీ పనికొచ్చేలా, నాకు తెలిసినంతలో, ఒకదానితో ఒకటి పోల్చి రాస్తున్నాను.

ముందు తేల్చుకోవాల్సింది: పరీక్ష దేనికి?

పసికందుకు సెప్సిస్, అంటే రక్తంలోకి పాకిన ఇన్ఫెక్షన్, ఉందేమోనని అనుమానం వచ్చినప్పుడు డాక్టర్ ముందు మూడు ప్రశ్నలుంటాయి. యాంటీబయోటిక్ మొదలుపెట్టాలా? పెట్టింది ఎప్పుడు ఆపొచ్చు? పెట్టింది పనిచేయకపోతే దేనికి మార్చాలి?

మొదటి ప్రశ్నకు సమాధానం ల్యాబ్ నుంచి రాదు. పాప ఒంట్లో తేడా కళ్లకు కనిపిస్తుంటే ఏ రిపోర్టు కోసమూ ఆగకూడదు. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ పొద్దున బాగుండి సాయంత్రానికి వెంటిలేటర్ మీదకి వెళ్లడం నేను చాలాసార్లు చూశాను. ఆ రాత్రి కూడా రక్తం తీశాం, తీసిన వెంటనే మందు ఎక్కించాం. కాబట్టి త్వరగా చెప్పే పరీక్ష అసలు ఉపయోగం రెండో ప్రశ్నకూ మూడో ప్రశ్నకూ: మందు ఆపడానికి, మందు మార్చడానికి. ఎవరైనా కొత్త మెషీన్ గురించి చెప్పినప్పుడు నేను అడిగేది ఇదొక్కటే. ఈ రిపోర్టు చేతికొస్తే నేను ఏ మందు ఆపుతాను, ఏ మందు మారుస్తాను? దానికి జవాబు లేకపోతే అది ఎంత వేగంగా వచ్చినా మాకు అక్కర్లేదు.

మన దేశంలో ఈ ప్రశ్న ఎందుకంత బరువైనదో ఢిల్లీ లెక్కలు చెబుతాయి. అక్కడి మూడు పెద్ద ఆసుపత్రుల్లో 2011 నుంచి 2014 వరకు 13,530 మంది పసికందులను గమనించారు. వాళ్లలో 14.3 శాతం మందికి సెప్సిస్ అని తేల్చారు. కానీ కల్చర్‌లో, అంటే రక్తంలోని బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్షలో, బ్యాక్టీరియా దొరికింది 6.2 శాతం మందికే. అంటే సెప్సిస్ అని వైద్యం చేసినవాళ్లలో సగానికి పైగా పిల్లలకు బ్యాక్టీరియా పేరు తెలియదు. పేరు దొరికినవాళ్లలో దాదాపు సగం మంది చనిపోయారు. దొరికిన వాటిలో అసినెటోబాక్టర్ 22 శాతం, క్లెబ్సియెల్లా 17 శాతం, ఈ.కోలి 14 శాతం. మొదటి రెండూ మామూలు మందులకు లొంగని మొండి రకాలు. వేరే దేశాల పుస్తకాల్లో మొదటి పేరుగా కనిపించే గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా మన దగ్గర అంత పెద్ద సమస్య కాదు. అక్కడివాళ్లకు సరిపోయిన పరీక్ష మనకూ సరిపోతుందని అనుకోకూడదనడానికి ఈ ఒక్క తేడా చాలు.

బ్లడ్ కల్చర్: నిదానమే, కానీ దీన్ని దాటి ముందుకు పోలేం

పాప రక్తాన్ని పోషకాలున్న బాటిల్‌లో వేసి వెచ్చగా ఉంచితే, బ్యాక్టీరియా ఉంటే పెరుగుతుంది. ఆటోమేటిక్ మెషీన్ అయితే పెరుగుదల కనిపెట్టగానే అలారం కొడుతుంది. పాజిటివ్ అయ్యే బాటిళ్లలో ఎక్కువ భాగం 24 నుంచి 36 గంటల్లోపే మోగుతాయి. ఆ తర్వాత బ్యాక్టీరియా పేరు, ఏ మందుకు లొంగుతుందో చెప్పే సెన్సిటివిటీ రావడానికి ఇంకో ఒకటి రెండు రోజులు. ఆటోమేటిక్ మెషీన్ లేని చోట బాటిల్‌ను రోజూ చేత్తో తీసి చూడాలి, సబ్ కల్చర్ వేయాలి. అక్కడ ఇంకో రోజు పోతుంది.

నిదానమని దీన్ని తిట్టుకునేవాళ్లలో చాలామంది దీన్ని సరిగ్గా చేయడం లేదు. ఇది కాస్త కటువుగా ఉన్నా చెప్పాల్సిన మాట. బాటిల్‌లో కనీసం 1 మిల్లీలీటరు రక్తం పడాలి. పసికందు రక్తంలో బ్యాక్టీరియా చాలా పలచగా ఉండొచ్చు. ఒక మిల్లీలీటరులో నాలుగైదు మాత్రమే ఉన్న సందర్భంలో మనం పావు మిల్లీలీటరు తీస్తే, అందులో ఒక్కటీ పడకపోవచ్చు. అప్పుడు వచ్చే "నో గ్రోత్" రిపోర్టుకు అర్థం ఇన్ఫెక్షన్ లేదని కాదు, మనకు చిక్కలేదని.

1,400 గ్రాముల పాపలో ఒంటి రక్తమంతా కలిపితే 120 మిల్లీలీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. ఒక టీ గ్లాసు. అందులోంచి ఒక మిల్లీలీటరు తీయాలంటే సిస్టర్ల చేయి వెనక్కి పోతుంది. అది సహజమే. ఆ రాత్రి మా సిస్టర్ పాప మోచేతి దగ్గర చర్మాన్ని క్లోర్‌హెక్సిడిన్‌తో తుడిచి, ఆరేదాకా సెకన్లు లెక్కపెడుతూ ఆగింది. సన్నటి సూదిలోంచి రక్తం చుక్క చుక్కగా వస్తోంది. సిరంజి మీద 0.6 దగ్గర ఆగిపోయింది. "చాలు మేడమ్?" అన్నట్టు నా వైపు చూసింది. చాలదు. చేతిని కాసేపు వెచ్చగా పట్టుకుని, మళ్లీ మెల్లగా లాగితే 1.1 వచ్చింది. ఆ అర మిల్లీలీటరు కోసం పట్టిన మూడు నిమిషాలు తర్వాత మూడు రోజుల్ని కాపాడాయి.

ఇంకో సంగతి. ఇంతకుముందు నేను పనిచేసిన ఒక ఆసుపత్రిలో శనివారం రాత్రి తీసిన కల్చర్ బాటిల్‌ను ఎవరో జాగ్రత్త అనుకుని ఫ్రిజ్‌లో పెట్టారు. సోమవారం ఉదయం ల్యాబ్ మనిషి వచ్చి తీశాడు. కల్చర్ బాటిల్‌ను ఫ్రిజ్‌లో పెట్టకూడదు, చలికి బ్యాక్టీరియా పెరగదు. వెంటనే మెషీన్‌లో పెట్టలేకపోతే గది వేడిలోనే ఉంచి వీలైనంత త్వరగా పంపాలి. ఆ బిడ్డకు పది రోజులు గుడ్డిగా మందులు వాడాం. తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది.

సీఆర్‌పీ, సెప్సిస్ స్క్రీన్: చవక, కానీ ఒక్కసారి చూస్తే మోసపోతాం

సీఆర్‌పీ అంటే సి-రియాక్టివ్ ప్రోటీన్. దాన్ని 1930లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో కనిపెట్టారు. ఇన్ఫెక్షన్ వస్తే కాలేయం దాన్ని తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటితే ఎక్కువ అంటాం. చిక్కేమిటంటే, ఇన్ఫెక్షన్ మొదలైన 6 నుంచి 12 గంటల తర్వాతే అది పెరగడం మొదలవుతుంది. ఒకటిన్నర, రెండు రోజులకు గానీ పూర్తిగా పైకి వెళ్లదు. ఆ రాత్రి పాప సీఆర్‌పీ 4. రిపోర్టు చూసి తండ్రి ముఖం వికసించింది. "నార్మల్ అని ఉంది కదా మేడమ్!" ఆ సంతోషాన్ని తగ్గించడం నాకు కష్టమనిపించింది, కానీ చెప్పాల్సిందే. మరుసటి రోజు అదే పాపకు 38 వచ్చింది.

తిరగేసి కూడా మోసం చేస్తుంది. కాన్పు కష్టమైనా, ఉమ్మనీటిలో మలం కలిసి బిడ్డ పీల్చినా, ఇన్ఫెక్షన్ ఏమీ లేకుండానే సీఆర్‌పీ పెరుగుతుంది. ఆ ఒక్క అంకె చూసి ఏడు రోజులు యాంటీబయోటిక్ వాడిన పిల్లలు ఎంతమందో. అందుకే దీని నిజమైన విలువ రెండోసారి చేసినప్పుడే. 24 గంటల తేడాతో రెండుసార్లు మామూలుగా ఉండి, కల్చర్‌లో ఏమీ పెరగకుండా, బిడ్డ పాలు తాగుతూ చురుగ్గా ఉంటే, మందు ఆపడానికి అంతకంటే ధైర్యం ఇచ్చేది మరొకటి లేదు. కొన్ని వందల రూపాయల పరీక్ష ఇది. రక్తం కొన్ని చుక్కలు చాలు.

మన ఎస్‌ఎన్‌సీయూల్లో (ప్రభుత్వ ఆసుపత్రుల్లోని పసికందుల ప్రత్యేక వార్డుల్లో) "సెప్సిస్ స్క్రీన్" అని ఒక కట్టగా చేస్తారు: తెల్లకణాలు 5,000 కంటే తగ్గాయా, వాటిలో ఒక రకమైన న్యూట్రోఫిల్స్ తగ్గాయా, ముదరని కణాల నిష్పత్తి 0.2 దాటిందా, సన్న గొట్టంలో చూసే మైక్రో ఈఎస్‌ఆర్ మొదటి గంటలో 15 మిల్లీమీటర్లు దాటిందా, సీఆర్‌పీ పెరిగిందా. రెండు లేదా అంతకంటే ఎక్కువ తేడాగా ఉంటే స్క్రీన్ పాజిటివ్. స్లైడ్ చూసే టెక్నీషియన్ చేయి తిరిగినవాడైతే ఇది మంచి పరీక్షే. ముదరని కణాలను లెక్కపెట్టడం తెలియనివాళ్లు అంచనాగా రాస్తే ఆ అంకెను నమ్మకపోవడమే మేలు.

ప్రోకాల్సిటోనిన్

ఇన్ఫెక్షన్ వస్తే రక్తంలో పెరిగే ఇంకో పదార్థం ఇది. సీఆర్‌పీ కంటే కొన్ని గంటలు ముందే పెరుగుతుంది, ఖర్చు దానికంటే చాలా ఎక్కువ. పసికందుల్లో దీనికొక మెలిక ఉంది. పుట్టిన మొదటి రెండు రోజుల్లో ఏ ఇన్ఫెక్షన్ లేకపోయినా ఇది తనంతట తానే పెరిగి తగ్గుతుంది. పెద్దవాళ్ల కట్-ఆఫ్ పెట్టి చూస్తే ఆరోగ్యంగా ఉన్న బిడ్డ కూడా సెప్సిస్ కేసులా కనిపిస్తుంది. పుట్టి ఎన్ని గంటలైంది అన్నదాన్ని బట్టి మారే చార్టు గోడకు అతికించి పెట్టుకోకుండా దీన్ని వాడకూడదు.

2017లో ప్రచురితమైన ఒక పెద్ద ట్రయల్‌లో నెదర్లాండ్స్, స్విట్జర్లాండ్, కెనడా, చెక్ దేశాల్లోని 18 ఆసుపత్రుల్లో 1,710 మంది పిల్లల్ని చేర్చుకుని, వాళ్లలో దాదాపు సగం మందికి దీన్ని ఆధారంగా తీసుకుని మందు ఆపి చూశారు. యాంటీబయోటిక్ వాడిన సమయం 65 గంటల నుంచి 55 గంటలకు తగ్గింది. పది గంటలు తక్కువేమీ కాదు. కానీ అక్కడ తీసుకున్నది 34 వారాలు నిండిన పిల్లలను. మా 1,400 గ్రాముల పాపకు ఆ ఫలితాన్ని అంటగట్టలేను. నా వరకు, డబ్బు పరిమితంగా ఉన్న చోట ఒక ప్రోకాల్సిటోనిన్ కంటే రెండు సీఆర్‌పీలకే ఓటు.

ఇలాంటిదే ఇంకొకటి, ఇంటర్‌ల్యూకిన్-6, ఇంకా త్వరగా పెరుగుతుంది, అంతే త్వరగా పడిపోతుంది. రక్తం తీసే వేళ కాస్త తప్పితే చేతికి చిక్కదు. మన జిల్లాల్లో దాని గురించి ఇప్పుడు ఆలోచించనక్కర్లేదు.

పీసీఆర్ ప్యానెళ్లు: గంటలో చెబుతాయి, కానీ ఏ గంట నుంచి లెక్క?

పీసీఆర్ ప్యానెల్ అంటే చాలా సూక్ష్మజీవుల జన్యువులను ఒకేసారి వెతికే పరీక్ష. కంపెనీ ప్రతినిధులు చెప్పని మాట ఇక్కడుంది. బయోఫైర్ బీసీఐడీ2 లాంటి ప్యానెల్ గంటకు కాస్త అటూ ఇటూగా ఫలితం ఇచ్చే మాట నిజమే. 33 రకాల సూక్ష్మజీవులను, మందుకు లొంగనితనాన్ని తెచ్చే 10 జన్యువులను ఒకేసారి వెతుకుతుంది. కానీ అందులో వేసేది పాప రక్తాన్ని కాదు, అప్పటికే పాజిటివ్‌గా మోగిన కల్చర్ బాటిల్‌లోని ద్రవాన్ని. అంటే బాటిల్‌లో రక్తం తక్కువ పడితే, అది మోగకపోతే, ఈ మెషీన్‌కు పనే లేదు. పునాది మళ్లీ ఆ ఒక్క మిల్లీలీటరే.

ఆ రాత్రి పాప బాటిల్ 17వ గంటలో మోగింది. క్లెబ్సియెల్లా. మేం మొదలుపెట్టిన రెండు మందులకూ అది లొంగదని సెన్సిటివిటీ రిపోర్టు వచ్చేసరికి ఇంకో ఒకటిన్నర రోజు గడిచింది. ఈలోపు పాప పరిస్థితి చూసి భయపడి, అంచనాగా మెరోపెనెమ్ అనే బలమైన యాంటీబయోటిక్‌కు మార్చాం. అంచనా కుదిరింది. ప్యానెల్ ఉంటే, ఆ మందుకూ బ్యాక్టీరియాను లొంగనివ్వని ఎన్‌డీఎం లాంటి జన్యువు ఉందో లేదో 18, 19వ గంటకే తెలిసేది, ఆ భయంలో ఒక రోజు తగ్గేది. క్లెబ్సియెల్లా ఎక్కువగా కనిపించే పెద్ద యూనిట్‌కు ఇది నిజమైన లాభం.

అసినెటోబాక్టర్ విషయంలో మాత్రం జాగ్రత్త. మన దేశంలో అది మెరోపెనెమ్ లాంటి మందులకు లొంగకపోవడానికి ఎక్కువగా కారణం ఓఎక్స్‌ఏ-23 అనే జన్యువు. ఈ ప్యానెల్ వెతికే పదింటిలో అది లేదు. బ్యాక్టీరియా పేరు వస్తుంది, పక్కన లొంగనితనం గడిలో ఏమీ దొరకలేదని ఉంటుంది. దాన్ని చూసి మెరోపెనెమ్ చాలనుకుంటే బిడ్డను పోగొట్టుకుంటాం. ఏ ప్యానెల్ కొనేముందైనా అందులోని జన్యువుల జాబితా తీసుకుని, మీ వార్డులో గత ఏడాది పెరిగిన బ్యాక్టీరియాల జాబితా పక్కన పెట్టి చూడండి.

పెద్ద ల్యాబుల్లో మాల్డీ-టాఫ్ అనే యంత్రం ఉంటుంది. పెరిగిన బ్యాక్టీరియాను దాని మీద పెడితే నిమిషాల్లో పేరు చెబుతుంది. ఒక్కో పరీక్షకు ఖర్చు తక్కువ, యంత్రం ఖరీదే ఎక్కువ. మీ దగ్గరి మెడికల్ కాలేజీలో ఉంటే వాళ్లతో ఏర్పాటు చేసుకోవడం మీరు సొంతంగా ప్యానెల్ కొనడం కంటే లాభం.

రక్తం నుంచి నేరుగా చెప్పే పరీక్షలూ ఉన్నాయి. టీ2 బాక్టీరియా అనేది కల్చర్ లేకుండానే కొన్ని గంటల్లో చెబుతుంది. దానికి కావాల్సింది సుమారు 4 మిల్లీలీటర్ల రక్తం. టీ గ్లాసులోంచి అంత తీయడం కుదరని పని. పెద్దవాళ్ల కోసం తయారైన పరీక్షలన్నీ పసికందు దగ్గర ఓడిపోయేది సరిగ్గా ఇక్కడే.

రాబోయే వాటిలో నాకు ఆశ కలిగిస్తున్నవి రెండు. ఒకటి, బ్యాక్టీరియాను వెతకడం మానేసి బిడ్డ శరీరం ఎలా స్పందిస్తోందో చదవడం. ఎడిన్‌బరా శాస్త్రవేత్తల బృందం 2014లో, బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ ఉన్న పసికందుల రక్తంలో 52 జన్యువులు ఒక ప్రత్యేకమైన తీరులో పనిచేస్తాయని చూపించింది. బ్యాక్టీరియా సిరంజిలో పడకపోయినా, శరీరం ఇచ్చే జవాబు ప్రతి చుక్కలోనూ ఉంటుంది కదా. ఇది మంచం పక్కకు వచ్చిన రోజు మా పని తీరే మారిపోతుంది. రెండోది అసలు రక్తమే అడగదు. వర్జీనియా విశ్వవిద్యాలయంలో రూపుదిద్దుకున్న హీరో మానిటర్ బిడ్డ గుండె లయలో వచ్చే సూక్ష్మమైన మార్పులను పట్టుకుంటుంది. అమెరికాలోని 9 ఎన్‌ఐసీయూల్లో 3,003 మంది తక్కువ బరువు పిల్లల మీద జరిగిన ట్రయల్‌లో మరణాలు 10.2 శాతం నుంచి 8.1 శాతానికి తగ్గాయి. అది రోగం పేరు చెప్పదు, "ఈ బిడ్డను ఒకసారి చూడు" అంటుంది. మా సిస్టర్ రాత్రి రెండింటికి చేసింది కూడా అదే. ఒక సిస్టర్ పదిమంది పిల్లల్ని చూసే వార్డులో మానిటర్ కొనే ముందు ఇంకో సిస్టర్‌ను తీసుకోండి.

మరి ఎక్కడ ఏది?

ల్యాబ్ లేని ఊరికి గడ్చిరోలి దారి ఉంది. ప్రాణహిత అవతల, మన తెలంగాణను ఆనుకునే ఉన్న జిల్లా అది. అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతుల 'సెర్చ్' సంస్థ 1990ల్లో అక్కడి 39 గ్రామాల్లో, ఊళ్లోని మహిళలకే పసికందుల్లో సెప్సిస్ గుర్తులు పట్టడం, జెంటామైసిన్ అనే యాంటీబయోటిక్ ఇంజెక్షన్ ఇవ్వడం నేర్పింది. మూడో ఏడాదికి పసికందుల మరణాలు 62 శాతం తగ్గాయి. ఏ మెషీన్ లేదు. ఇంటి దగ్గర, పీహెచ్‌సీ దగ్గర ఇవే గుర్తులు: పాలు తాగకపోవడం, మూర్ఛ, నిమిషానికి 60 లేదా అంతకంటే ఎక్కువ సార్లు ఊపిరి, ఛాతీ లోపలికి గుంటలు పడటం, కదిలిస్తే తప్ప కదలకపోవడం, జ్వరం, లేదా ఒళ్లు చల్లబడటం. వీటిలో ఒక్కటి కనిపించినా సీఆర్‌పీ కోసం టౌన్‌కి మనిషిని పంపడం కాదు, బిడ్డనే పంపాలి. 2014 నుంచి కేంద్రం మార్గదర్శకాల ప్రకారం, కొన్ని పరిస్థితుల్లో ఏఎన్‌ఎం కూడా పంపేముందు మొదటి జెంటామైసిన్ డోసు ఇవ్వొచ్చు.

పది, పన్నెండు పడకల ప్రైవేట్ నర్సింగ్ హోమ్ అయితే, నా సలహా ఈ వరసలో: పిల్లల కల్చర్ బాటిళ్లు ఎప్పుడూ స్టాకులో ఉండాలి. ఆటోమేటిక్ మెషీన్ ఉన్న ల్యాబ్‌తో, ఆదివారం, పండగ రోజు కూడా బాటిల్ తీసుకునేలా రాతపూర్వకంగా మాట్లాడుకోవాలి. బాటిల్ మోగగానే రాత్రయినా సరే డ్యూటీ డాక్టర్‌కు ఫోన్ రావాలి. సీఆర్‌పీ అంకెల్లో ఇచ్చే చిన్న మెషీన్ మీ దగ్గరే ఉండాలి. పాజిటివ్, నెగటివ్ అని మాత్రమే చెప్పే కార్డులు వద్దు, ఎందుకంటే 12 నుంచి 60కి పెరుగుతోందో, 60 నుంచి 12కి దిగుతోందో వాటిలో తెలియదు. ఇవన్నీ కుదిరిన తర్వాత డబ్బు మిగిలితే ప్రోకాల్సిటోనిన్ గురించి మాట్లాడుకుందాం. ప్యానెల్ మెషీన్ మీకు వద్దు.

జిల్లా ఎస్‌ఎన్‌సీయూకు సొంత ఆటోమేటిక్ కల్చర్ మెషీన్ కంటే ముందు ఏదీ వద్దు. దాంతోపాటు ఏడాదికి రెండుసార్లు, వార్డులో ఏ బ్యాక్టీరియా ఏ మందుకు లొంగుతోందో లెక్క తీసి గోడకు పెట్టాలి. రాత్రి రెండింటికి మొదటి మందు ఎంచుకునే డాక్టర్‌కు ఆ కాగితమే అన్నిటికంటే వేగమైన రిపోర్టు. మెడికల్ కాలేజీ ఎన్‌ఐసీయూలో మాల్డీ-టాఫ్, పాజిటివ్ బాటిళ్ల మీద ప్యానెల్ రెండూ సమంజసమే, పైన చెప్పిన జన్యువుల జాబితా చూసుకున్నాక.

ఇక ఎన్‌ఐసీయూ బయట టెన్షన్‌తో కూర్చున్న తల్లిదండ్రులకు. మెషీన్ పేర్లు మీరు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. డాక్టర్‌ను నెమ్మదిగా ఈ ప్రశ్నలు అడగండి. మందు మొదలుపెట్టే ముందే కల్చర్‌కి రక్తం తీశారా? రెండో సీఆర్‌పీ ఎప్పుడు? 36, 48 గంటలకు కల్చర్‌లో ఏమీ పెరగకపోతే, బిడ్డ బాగుంటే, మందు ఆపే ఆలోచన ఉందా? ఇన్ఫెక్షన్ మెదడు పొరలకు పాకిందేమోనని వెన్ను నీరు తీసి చూడాల్సిన అవసరం ఉందా? అడిగినందుకు ఏ మంచి డాక్టరూ నొచ్చుకోడు. మందు ఆపాలా, వద్దా అన్నది మాత్రం బిడ్డను చూస్తున్న డాక్టర్‌కే వదిలేయండి.

డిశ్చార్జ్ రోజున బిల్లు, మందుల చీటీతో పాటు కల్చర్ రిపోర్టు కాగితం, సెన్సిటివిటీ పేజీతో సహా, అడిగి తీసుకోండి. మా పాప 22 రోజులకు, 1,750 గ్రాముల బరువుతో ఇంటికి వెళ్లింది. నెల తిరక్కుండానే జ్వరంతో వాళ్ల ఊరి దగ్గరున్న ఆసుపత్రికి తీసుకెళ్లాల్సి వచ్చింది. అమ్మమ్మ చీర కొంగున మడిచి కట్టుకున్న ఆ కాగితాన్ని తీసి డాక్టర్ చేతిలో పెట్టింది. ఏ మందుతో మొదలుపెట్టాలో ఆయనకు ఆ నిమిషంలోనే తెలిసింది.